క్రెయిగ్‌వార్డ్ దయ్యం

దుప్పటి మూలను మడిచి పరుపు కిందికి తోసింది ఇష్‌బెల్. వేలి కణుపులు కలుక్కుమన్నాయి. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. పొట్టి మనిషి. వంగీ వంగీ నడుము ఒక పక్కకు ఒరిగిపోయింది. సబ్బునీళ్లకు చేతులు ఎర్రగా పగిలాయి. క్రెయిగ్‌వార్డ్ హోటల్లో రోజూ పదమూడు గదులు సర్దుతుంది. ఈ ఎనిమిదేళ్లలో ఒక్క పూటా ఆలస్యంగా రాలేదు, ఒక్క మాటా ఎక్కువ మాట్లాడలేదు.

ఇన్వర్నెస్ ఊరవతల కొండ మీదున్న ఈ రాతి భవనం పూర్వం పిచ్చాసుపత్రి. ఇప్పుడు కిటికీలకు ఇనుపకమ్మీలు తీసేసి మఖ్మల్ తెరలు కట్టారు. పన్నెండో గదిలో మాత్రం కమ్మీలు దిగిన గుంటలు రంగు కింద ఇంకా చేతికి తగులుతాయి. దుమ్ము తుడిచేటప్పుడు ఇష్‌బెల్ చేయి అక్కడ ఓ క్షణం ఆగుతుంది.

మేనేజరు కర్స్టీ అట్టల కట్ట పట్టుకొచ్చింది.

"ప్రతి మంచం పక్కనా ఒకటి పెట్టండి ఇష్‌బెల్. మన దయ్యం కథ. వచ్చేవాళ్లు పడి చస్తారు దీనికి!"

ఇష్‌బెల్ కళ్లద్దాలు సవరించుకుని చదివింది. జీన్ అనే పిచ్చిది కన్నబిడ్డ గొంతు నులిమి చంపిందట. జోలపాట పాడుకుంటూ పన్నెండో గదిలో తిరుగుతుందట.

"ఎవరు చెప్పారమ్మా ఇదంతా?"

"పాత రిజిస్టర్లో ఆ పేరుంది లెండి. మిగతాది మేమే కాస్త ఉప్పూకారం చల్లాం."

మిగతా గదులన్నిటిలో ఇష్‌బెల్ అట్టలు పెట్టింది. పన్నెండో గదికి తిరిగొచ్చేసరికి చేయి ఆడలేదు. ఆ గదిలో దిగి, గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చిన గ్లాస్గో పెద్దాయన ఆమె చేతిలోని అట్ట చూసి నవ్వాడు.

"ఏమమ్మా, నీకెప్పుడైనా కనబడిందా?"

"కనబడిందండీ. నా ఆరో ఏటినుంచి పంతొమ్మిదేళ్లపాటు, ప్రతి ఆదివారం."

ఆయన నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మండీ. తమ్ముడు మూడు వారాల పసిగుడ్డు, ఉయ్యాల్లోనే పోయాడు. ఎవరూ చంపలేదు. ఈవిడ ఏడుపు ఆపడం లేదని తెచ్చి ఇక్కడ పడేశారు. నేను వెళ్తానంటే నా కోటు బొత్తాలన్నీ తనే పెట్టేది. పాతికేళ్లదాన్నయినా సరే, తనే పెట్టాలి."

పెద్దాయన టోపీ తీశాడు. "పాట..?"

"బొంగురు గొంతండీ. పాటలు రావు."

నోరు తెరిచి ఈ సంగతి ఒకరికి చెప్పడం ఆమె బతుకులో అదే మొదలు. పెట్టిన అట్టలన్నీ ఏరుకొచ్చి కర్స్టీ బల్ల మీద పెట్టింది.

"వీటిని నేను పెట్టను. ఆవిడ నా కన్నతల్లి."

ఇష్‌బెల్ తువ్వాళ్లు మడవడానికి బట్టల గదిలోకి వెళ్లింది.

మధ్యాహ్నం రెండు గంటలకు, హోటల్ బట్టలుతికే సెంగా తలుపు తోసింది. "ఏమే, అన్ని పరుపులుండగా ఇక్కడ కూచుని కునికిపాట్లేంటే?"

ఇష్‌బెల్ తల తువ్వాళ్ల దొంతరకు ఆనుకుని ఉంది. సెంగా భుజం పట్టి కుదిపింది. తరవాత మెల్లగా ఆ పక్కనే నేల మీద కూలబడింది.

ఇష్‌బెల్ శవాన్ని వెనక తలుపుగుండా తీసుకెళ్లారు. ముందు తలుపుగుండా పెళ్లి బృందం లోపలికొస్తోంది. చీకటి పడకముందే వేరే పనిమనిషి పదమూడు గదుల్లోనూ అట్టలు పెట్టేసింది.

సిబ్బంది గదిలో సెంగా ఇష్‌బెల్ సామాను సర్దుతూ సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూత తిప్పింది. బార్లీ సూపు ఇంకా పొగలు కక్కుతోంది.