చెప్పులు విడిచి వెళ్ళే కొట్టు

చల్లదనం.

ముందు అరికాళ్ళకు తెలిసింది. ఆ తర్వాతే కళ్ళకు.

తొంభై ఐదు ఎండాకాలం. మేడ్చల్ రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆ ఎండలోంచి శంకరమ్మ అద్దాల తలుపు దాకా వచ్చింది. ఆగింది. చెప్పులు విడిచి లోపల కాలు పెట్టింది.

తెల్లని పాలరాతి గచ్చు. అబ్బ... ఎంత చల్లగా ఉందో!

రావల్కోల్‌లో వాళ్ళకు ద్రాక్షతోట ఉంది. పొద్దున్నే నీళ్ళు పారించాక పందిరి కింద నిలబడితే ఇలాగే ఉంటుంది. ఆ చల్లదనం ఆమెకు బాగా తెలుసు. కానీ ఇక్కడ మట్టి లేదు, నీళ్ళు లేవు. నెత్తిన ఆకుల బదులు బారులు తీరిన ట్యూబులైట్లు ఉన్నాయి.

మరి ఈ చల్లదనం ఎక్కణ్నుంచి వస్తోంది?

ఆ నేల ఆమెదే. పుట్టింటివాళ్ళు పెళ్ళినాడు పసుపు కుంకుమల కింద ఆమె పేర రాసిచ్చిన జాగా. రాళ్ళు, తుమ్మచెట్లు తప్ప ఏమీ లేని జాగా. ఆమె మగడు మల్లేశం పటేలు అటువైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

శేషారత్నం చూసింది. భర్త ఉద్యోగం వెంట గోదావరి జిల్లా నుంచి యాప్రాల్ కాలనీకి వచ్చిన మనిషి. ఇంట్లో కూర్చుని కందిపప్పు బాగుచేసి, పొట్లాలు కట్టి, వీధి వీధీ తిరిగి అమ్మిన మనిషి. ఆ జాగా అద్దెకు తీసుకుంది. తుమ్మలు కొట్టించింది. ఇంత పొడుగు భవనం లేపి, నెత్తిన ‘పుష్కల’ అని రాయించింది.

పుష్కల... ఆ పేరు పలికితేనే నోరు నిండేది.

మొదటిరోజు శేషారత్నం గబగబా ఎదురొచ్చింది.

“అయ్యో, చెప్పులతోనే రండి శంకరమ్మ గారూ. ఇదేమన్నా గుడా?”

“బియ్యం, పప్పులున్నకాడికి చెప్పులతోని ఎట్లొస్తం రత్నమ్మా? కల్లంల చెప్పులేసుకొని తిరుగుతమా?”

శేషారత్నం తన కాళ్ళవైపు ఒకసారి చూసుకుంది. గుమ్మం దాకా నడిచి వెళ్ళి తన చెప్పులు కూడా విడిచి వచ్చింది.

అలా మొదలైంది. గుమ్మం ముందు చెప్పులు చూసి, వచ్చినవాళ్ళంతా చెప్పులు విడిచారు. ఎవరూ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. వారం తిరిగేసరికి చెప్పులకు ఒక అర, కాళ్ళు కడుక్కోవడానికి ఒక నల్లా వచ్చాయి.

లోపల — ఏమని చెప్పాలి!

అప్పటిదాకా శంకరమ్మకు సరుకులంటే మల్లేశం జీతగాడి చేత ఇంటికి పంపించినవి. ఏ సబ్బు వస్తే ఆ సబ్బు. ఏ చీర వస్తే ఆ చీర. నచ్చిందా అని అడిగినవాడు లేడు, నచ్చలేదని చెప్పే అలవాటు ఆమెకూ లేదు.

ఇక్కడ ఆమె చెయ్యి చాపింది. ఒక సబ్బు తీసింది. వాసన చూసింది. పెట్టేసింది.

ఎవరూ కసురుకోలేదు.

ఇంకోటి తీసింది. మల్లెపూల వాసన. అదీ పెట్టేసింది. గాజు గ్లాసులు ముట్టుకుంది, చీరల మడతల మీద చెయ్యి వేసింది, పింగాణీ పళ్ళెంలో తన ముఖం చూసుకుంది. తీయొచ్చు... పెట్టేయొచ్చు. ఇంత వయసొచ్చాక, ఇన్ని వస్తువుల నడుమ, తనకేం ఇష్టమో తనకే తెలియదని మొదటిసారి తెలిసింది. భయమేసింది. ఆ భయంలోనే పట్టలేనంత సంతోషం కూడా ఉంది.

చివరికి మల్లెపూల సబ్బే తీసుకుంది.

మరి మల్లేశం? వచ్చాడు, వచ్చాడు. గుమ్మం దాకా వచ్చాడు. అతనివి కిర్రుచెప్పులు. మనిషి ఇంకా మలుపు తిరగకముందే చెప్పులు వినిపిస్తాయి, ఊరు లేచి నిలబడుతుంది. అక్కడి చెప్పుల కుప్ప చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు.

“దేవుని కాడ ఇడుస్త, కల్లంల ఇడుస్త. దుకాణం కాడ ఇడిస్తే నా ఇజ్జత్ ఏం గాను?”

వెనక్కి వెళ్ళి జీపులో కూర్చున్నాడు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎప్పుడూ లోపలికి రాలేదు. పటేలు గారి పరువు బయట ఎండలో కూర్చునేది. శంకరమ్మ లోపల నింపాదిగా తిరిగేది. ఆ పరువును ఆమె మనసులోనే చల్లగా ఉండమని దీవించేది.

పుష్కల పెరిగింది.

శామీర్‌పేటలో ఒకటి. నాగారంలో ఒకటి. యాప్రాల్‌లో, శేషారత్నం ఒకప్పుడు పొట్లాలు అమ్మిన వీధి చివరే, ఒకటి. ప్రతిచోటా అదే పాలరాయి, అదే చెప్పుల అర, అదే నల్లా. ప్రతి కొత్త కొట్టులో మొదటి అడుగు శంకరమ్మది. శేషారత్నం కారు పంపేది. శంకరమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్ళేది, చెప్పులు విడిచేది, కుడికాలు పెట్టేది. యాప్రాల్‌లో బూట్లవాళ్ళు లేసులు విప్పడానికి విసుక్కున్నారు; వాళ్ళ పిల్లలు మాత్రం మేజోళ్ళతో గచ్చు మీద ఈ చివర నుంచి ఆ చివరకు జారారు.

తన రాళ్ళ జాగాలో మొలిచింది ఇంత దూరం పాకిందా అని శంకరమ్మ నోరు తెరుచుకుని చూసేది. ద్రాక్షతీగ కూడా ఇంత జల్దీ పాకదు.

ఆ తర్వాత... తీగలు పోయాయి.

శామీర్‌పేట దారిలో ముందు ఒక తోట కొట్టేశారు. మరి కొన్నాళ్ళకు ఇంకోటి. పందిళ్ళు ఉన్నచోట హద్దురాళ్ళు మొలిచాయి. రావల్కోల్‌లో తమ తోట కూడా ప్లాట్లయింది. మల్లేశం జీపు పోయి పెద్ద కారు వచ్చింది, తెల్లబట్టలు వచ్చాయి, పార్టీ వచ్చింది. కిర్రుచెప్పులు మాత్రం అవే. పందిరి కింది చల్లదనం పోయాక శంకరమ్మకు మిగిలింది పుష్కల ఒక్కటే. ఏమీ కొనాల్సిన పని లేకపోయినా వెళ్ళేది. ఊరికే నిలబడేది.

నగరంలో పెద్ద పెద్ద కొట్లు లేచాయి. కదిలే మెట్లున్నవి, బూట్లతో తిరిగేవి. ఈ కాలంలో చెప్పులు విడవడమేమిటని సలహాలిచ్చేవాళ్ళు శేషారత్నాన్ని ఊదరగొట్టారు. యాప్రాల్‌లో అర తీసేయించింది. గచ్చు మీద గీతలు పడ్డాయి. బూట్లవాళ్ళు ఎటూ ఆ పెద్ద కొట్లకే వెళ్ళారు. యాప్రాల్ మూతబడింది. తర్వాత నాగారం, ఆ తర్వాత శామీర్‌పేట.

చివరికి మేడ్చల్.

ఆఖరి రోజు శేషారత్నం తనే వంగి గచ్చంతా తడిబట్ట పెట్టింది. తాళంచెవి శంకరమ్మ చేతిలో పెట్టింది.

“మీ నేల మీకు అప్పగిస్తున్నాను. చూసుకోండి... ఎక్కడా ఒక్క గీత లేదు.”

శంకరమ్మ చూసుకోలేదు. కళ్ళనిండా నీళ్ళు.

నెల తిరగకముందే మల్లేశం కొనేవాళ్ళను కుదిర్చాడు. భవనం పడగొట్టి అపార్టుమెంట్లు కడతారట. అన్నీ మాట్లాడుకున్నాక గాని నేల ఎవరి పేర ఉందో అతనికి గుర్తు రాలేదు. ఏనాడూ ఆమెను ఏదీ అడిగిన మనిషి కాడు. అన్నం దగ్గర, తల ఎత్తకుండా అన్నాడు.

“రేపు సూడనీకి వస్తరు. సంతకం నీదే గావాలె.”

ఆమె పప్పు వడ్డించింది. ఆ రాత్రంతా సంతకం పెట్టాలా వద్దా అని తీసింది, పెట్టేసింది... మనసులో.

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళి తాళం తీసింది. చెప్పులు విడిచింది. అరలన్నీ ఖాళీ. ట్యూబులైట్లు లేవు, ఏసీ లేదు. కాలు పెట్టింది.

చల్లదనం ఉంది!

కరెంటు లేదు, సరుకు లేదు, మనుషులు లేరు. చల్లదనం మాత్రం ఎక్కడికీ పోలేదు.

కారు ఆగింది. కొనేవాళ్ళు బూట్లతోనే లోపలికి నడిచారు. గచ్చు మీద ఎర్రమట్టి అడుగులు పడ్డాయి. ఎటునుంచి కూలగొట్టడం తేలికో మాట్లాడుకుంటూ అవతలి గోడ దాకా వెళ్ళారు.

వాళ్ళ వెనక కిర్రుచెప్పులు. కిర్రు... కిర్రు... గుమ్మం దగ్గర ఆగాయి.

శంకరమ్మ తిరిగి చూడలేదు. ఆ చప్పుడు గచ్చు మీదికి వస్తుందని ఒళ్ళు బిగబట్టుకుని నిలబడింది.

రాలేదు.

చూసింది. మల్లేశం ఆమె కాళ్ళవైపు చూస్తున్నాడు. ఆమె వట్టికాళ్ళ పక్కన పడిన బూటు మట్టిని చూస్తున్నాడు. మోకాళ్ళు సహకరించక తలుపు పట్టుకుని వంగాడు. ఒక చెప్పు. ఇంకో చెప్పు. ఆమె చెప్పుల పక్కనే పెట్టాడు.

లోపల కాలు పెట్టి, అక్కడే నిలబడిపోయాడు.

“గింత సల్లగుంటదా?” అన్నాడు మెల్లగా.

“మొదటి సంది గిట్లనే ఉంది.”

అవతలి గోడ దగ్గర్నుంచి కొనేవాళ్ళు సంతకం ఎప్పుడని కేకేశారు. మల్లేశం ఆమె వైపు చూశాడు, చెప్పమన్నట్టు. చెప్పాల్సింది ఇప్పుడు తనే. శంకరమ్మ తొందరపడలేదు.

బయట రోడ్డు మీద ఎండ. లోపల, నాలుగు అరికాళ్ళ కింద...

చల్లదనం.