ఎదురొచ్చిన పిల్లి

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో పిల్లుల ప్రదర్శన చూడటానికి మనవరాలు మౌనికతో వచ్చింది సుమిత్రమ్మ. ఎవరి చేతిలోంచో జారిన తెల్లపిల్లి అడ్డంగా పరుగెత్తగానే ఆగిపోయి, పక్కనున్న కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది.

"ఈడ అన్నీ పిల్లులే కదా నానమ్మా! గిట్ల ఎన్నిసార్లు కూసుంటవ్?" మౌనిక విసుక్కుంది.

సుమిత్రమ్మ నవ్వింది. పోయిన పెనిమిటి, లారీ డ్రైవర్ మట్టయ్యా అంతే. దిల్‌సుఖ్‌నగర్ కిరాయింట్లోంచి బయల్దేరగానే పిల్లి ఎదురైతే, వెనక్కొచ్చి, ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, కాసేపు ముచ్చట పెట్టిగాని కదిలేవాడు కాదు. లోడుతో వెళ్తే మళ్లీ వారానికే రాక.

"మీ తాతకు బైలెల్లినప్పుడల్లా ఎదురొస్తుండె, పాడు పిల్లి!" అంది.

ఆయన చెప్పులేసుకునే వేళకు సందు అవతల పాలగిన్నె పెట్టి వచ్చేది తానేనని, ఆయనకు చివరిదాకా చెప్పనే లేదు.