పుట్టినరోజు మర్నాడు

పూజ బ్యాగు జిప్పు పడటం లేదు. మోకాలితో అదిమి పట్టి లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది.

పొద్దున టిఫిన్లు అయిపోయాయి. పిల్లల్ని తీసుకుపోవడానికి పెద్దవాళ్లు వచ్చే వేళైందని నేను బ్యాగులు సర్దుతున్నాను. మా మనవరాలు హిమజ పుట్టినరోజుకు ఈసారి కేకు కోసి అందరినీ పంపేయడం కాదట, స్నేహితులు రాత్రికి మా ఇంట్లోనే పడుకోవాలట. సూర్యాపేట పిల్లలకు ఇప్పుడు ఇదో కొత్త సరదా.

"ఎవలిల్లు వాళ్లకుండంగ మందిండ్ల పండుకునుడేందే?" అన్నాను.

"స్లీప్‌ఓవర్ అంటరు నానమ్మా. నీకు తెల్వది, ఊకో" అంది.

నలుగురు వచ్చారు. హాల్లో పరుపులు పరిచాం. దిండ్లతో కొట్టుకున్నారు, నవ్వారు, ఏడ్చారు, మళ్లీ నవ్వారు. తెల్లారి మా కొడుకు ప్రవీణ్ దూది ఊడుస్తూ, "వచ్చే యేడు గుళ్లె అర్చన చేయిస్త. ఇగ ఖతం" అన్నాడు.

తక్కిన ముగ్గురివీ చిన్న సంచులు. ఒక జత బట్టలు, ఒక బ్రష్షు. పూజది మాత్రం పెళ్లికి పోయేవాళ్ల బ్యాగులా ఉంది. సరిగా సర్దితే పడుతుందేమోనని అన్నీ బయటికి తీశాను.

రెండు జతల యూనిఫారాలు. కొత్త చెప్పులు, పిల్ల కాలికి ఇంకా పెద్దవి. మూత ఊడకుండా దారం చుట్టిన కొబ్బరినూనె సీసా. ఒంటిపూట బడులు నడుస్తున్న ఎండల్లో, ఉన్ని స్వెట్టరు. గౌన్ల అంచులకు లోపల వెడల్పాటి మడతలు, పిల్ల పొడుగైనప్పుడు విప్పుకోవడానికి. ఒక చొక్కా కాలరు లోపల ఎర్రదారంతో ఏదో కుట్టి ఉంది. బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎక్కడ రాత కనబడినా చదవకుండా ఉండలేను. "పూజ" అని ఉంది. తక్కినవీ తిప్పి చూశాను. అన్నిటికీ పేరు కుట్టి ఉంది.

జిప్పు సంగతి మరిచి, ఒక్కొక్కటే మళ్లీ మడిచాను.

పూజ వాళ్లమ్మ కవిత మా వీధి చివర ఒక్క గది కిరాయికి తీసుకుని కుట్టుమిషను పెట్టుకుంది. హిమజ పుట్టినరోజు గౌను కుట్టింది కూడా ఆమే. భర్త నవీన్ మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు లారీ నడుపుతాడు. ఇద్దరికీ పొసగక, కూతుర్ని తీసుకుని విడిగా ఉంటోంది.

నిన్న సాయంత్రం ఆమే పూజను దిగబెట్టింది. బ్యాగు గుమ్మంలో పెట్టి, కూతుర్ని కూర్చోబెట్టుకుని జడలు విప్పి మళ్లీ అల్లింది. అల్లి ఉన్న జడలే అవి. నాకు గుబులేసింది. ఎవరు ఎటు బయల్దేరినా నాకు అలాగే ఉంటుంది కాబట్టి, అదే అనుకున్నాను.

మా కోడలు ఇంద్రజ కోదాడ పిల్ల. మనసులో మాట ఆపుకోలేదు. "ఏంటి వదినా, మంచి చీర కట్టావు? ఎక్కడికి..." అంటుండగానే నేను కసిరాను.

"బయల్దేరే మనిషిని ఎటని అడుగుతరానే? బుద్ధుండాలె!"

మా ఆయన మిరపకాయల బస్తాలతో కోదాడకు బయల్దేరిన రోజు, మా అత్త వెనకనుంచి "ఎటురా?" అని అడిగింది. మునగాల దగ్గర లారీ గుద్దింది. అప్పటినుంచి మా ఇంట్లో గుమ్మం దిగేవాళ్లను ఎవరూ అడగరు. వాళ్లంతట వాళ్లు చెబితే వింటాం.

కవిత నావైపు చూసి నవ్వింది. "పెద్దమ్మ మాట నిజమే వదినా, అడగొద్దు" అంది. పూజ తల మీద చెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, మెట్లు దిగింది.

ఒక్కొక్కరే వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు. పూజ చెప్పులు తొడుక్కుని సోఫా అంచున కూర్చుంది. మిగిలిన కేకు హిమజ ఇద్దరికీ పెట్టింది. మధ్యాహ్నమైంది. ఇంద్రజ ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్లీ చేస్తే మళ్లీ అదే.

ప్రవీణ్ కవిత గదికి వెళ్లి వచ్చాడు. వాడి మొహం చూస్తేనే తెలిసింది. "తాళం ఉన్నదమ్మా. మిషను మొన్ననే అమ్మిందంట."

అనంతగిరి దగ్గరి తండాలో ఉండే కవిత తల్లి రుక్మాబాయికి ఫోన్ కలిపాడు. "మా ఇంటికి రాలె సారూ, నా బిడ్డకేమైంది సారూ?" అని ఆమె ఏడుపు మాకందరికీ వినబడింది. పూజకు ఇంకేమీ వినబడకుండా ప్రవీణ్ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పరుగెత్తాడు.

ఇంద్రజ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. "నేను అడుగుతుంటే నా నోరు మూయించారు కదా అత్తమ్మా! ఇప్పుడు ఎవర్ని అడగమంటారు?"

పోయి పూజ పక్కన కూర్చున్నాను.

"అమ్మ నీకేమన్న చెప్పిందా బిడ్డా?"

"ఆఁ. హిమజ నానమ్మ మాట వినుమన్నది. పని చెప్తే చెయ్యిమన్నది. మాటిమాటికి అన్నం అడగకుమన్నది."

"ఎప్పుడొస్తనన్నది?"

"అది చెప్పలె." పూజ కేకు ప్లేటు కింద పెట్టింది. "నానమ్మా, నేను రెండు ముక్కలు తిన్న. అమ్మ ఏమనదు గద?"

ప్రవీణ్ పోలీసులకు చెప్పి, నవీన్‌కు కూడా చెప్పాడు. ఎండ తగ్గేసరికి నవీన్ మిర్యాలగూడ నుంచి బైకు మీద వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మంచి జాగ సూసుకొనే ఇడిసి పోయింది" అన్నాడు. పూజ వైపు తిరిగాడు. "బిడ్డా, నడువు."

"నేను రాను."

"జర నాలుగు దినాలు ఈడ ఉండనియ్యి నాయినా. ఆమె వస్తదేమో" అన్నాను.

"మీరెవరు పెద్దమ్మా ఉంచుకునేటందుకు? నా బిడ్డ అది. మా అక్క ఉన్నది, సూస్తది."

ప్రవీణ్ వైపు చూశాను. తల దించుకున్నాడు. ఇంద్రజ వైపు చూశాను. "తండ్రి కదత్తమ్మా" అంది నెమ్మదిగా. నవీన్ చెప్పింది నిజమే. మేమెవరం?

పూజ కిటికీ ఊచ పట్టుకుంది. "అమ్మ ఈడికే వస్తది. నేను లేకుంటే ఎట్ల? ఆమెకు నాయిన ఇప్పుడుండే ఇల్లు తెల్వది." నవీన్ ఒక్కొక్క వేలే విడిపించాడు. గట్టిగా లాగలేదు, అదే చూడలేకపోయాను. వాడూ ఏడుస్తున్నాడు.

"నేను చెప్త బిడ్డా. మీ అమ్మ వస్తే, నాయిన దగ్గర ఉన్నవని నేనే చెప్త."

"నువ్వు ఇంట్లనే ఉంటవా?"

"ఉంట."

"యాడికి పోవద్దు మరి."

"పోను."

బైకు మలుపు తిరిగేదాకా హిమజ చెయ్యి ఊపుతూనే ఉంది. పూజ ఊపలేదు. వాళ్ల నాన్న నడుం పట్టుకోకుండా, వెనక్కి తిరిగి మా మెట్లకేసి చూస్తూ పోయింది.

ఆ తర్వాత నేను పెళ్లిళ్లకు పోలేదు, పెన్‌పహాడ్‌లో మా చెల్లెలింటికి కూడా పోలేదు. పోలీసులు రెండుసార్లు వచ్చి అడిగారు. ఆమె ఎటు పోయిందో మాకు తెలియదని చెప్పాం.

కవిత తిరిగి రాలేదు. ఆ ఉగాది వెళ్లిన వారం, శనివారం సాయంత్రం పూజను దిగబెట్టి మా మెట్లు దిగింది. అంతే.