ముల్లంగిపల్లె గ్రామపెద్ద

తెరుయుకి మంచివాడే. కానీ అతనికి ఉన్న ఒక్క అలవాటు మాత్రం ఇంట్లోవాళ్ళ ప్రాణం తీస్తుంది. అతను రైలు పెట్టెలు మరమ్మతు చేసే షెడ్డులో పనిచేస్తాడు. అక్కడ పరీక్షించకుండా ఏ పెట్టెనూ పట్టాలెక్కించరు. చూసిన ప్రతిదాన్నీ వేలితో చూపించి పైకి గట్టిగా చెప్పాలి: "బ్రేకు, సరే! తలుపు, సరే!" వాళ్ళుండే నీత్సు ఊళ్ళో సగంమంది మగవాళ్ళు ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళే కాబట్టి ఇది ఎవరికీ వింత కాదు. అయితే మిగతావాళ్ళు ఆ అలవాటును షెడ్డు గేటు దగ్గర వదిలేసి వస్తారు. తెరుయుకి దాన్ని భద్రంగా ఇంటికి మోసుకొస్తాడు. పొయ్యి దగ్గర నిలబడి "గ్యాసు, సరే!" అంటాడు. స్నానాల తొట్టి ముందు వంగి "నీళ్ళు, సరే!" అంటాడు.

"ఏమండీ, అన్నం కూడా ఉడికింది. దానికీ వేలు చూపిస్తారా, కూర్చుని తింటారా?" అంటుంది అతని భార్య మిసుజు.

మిసుజు ఆటపట్టిస్తుంది కాబట్టి ఆమెతో ఇబ్బంది లేదు. ఇబ్బంది చినాత్సుతోనే. చినాత్సు మిసుజు మొదటి పెళ్ళి నాటి కూతురు, ఆరో తరగతి చదువుతోంది. తండ్రి ఎప్పుడో వీళ్ళను వదిలి సెందాయ్ పట్నం వెళ్ళిపోయి, అక్కడ మరో సంసారం పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరే ఉంటున్న ఆ ఇంటికి తెరుయుకి వచ్చింది పోయిన వసంతంలో.

ఆ పిల్ల ఎదురు మాట్లాడదు, మూతి ముడుచుకోదు. "తెరుయుకి గారూ, స్నానానికి మీరు ముందు వెళ్తారా?" "తెరుయుకి గారూ, ఆ సోయా సాస్ కొంచెం ఇస్తారా?" అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడుతుంది. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడే మర్యాద అది. చుట్టమన్నవాడు నాలుగు రోజులుండి పోయేవాడు కదా. ఈ పిల్ల ఒక్కసారి తనమీద అరిస్తే బాగుండునని, ఆ ఇంట్లో తనను మనిషిగా లెక్కేస్తే చాలునని అతని కోరిక. అంతకుమించి అతనికి ఏమీ అక్కర్లేదు.

ఆ చలికాలమంతా బళ్ళో పిల్లలకు ఒకటే ధ్యాస. చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త గేమ్ మెషిన్ వస్తోంది, దాంతోపాటే 'కెరటాల పల్లె' అనే కొత్త ఆట కూడా వస్తోంది. డబ్బు పట్టుకెళ్ళినవాళ్ళందరికీ ఇచ్చేంత సరుకు లేదు. దుకాణంలో పేరు ఇస్తే లాటరీ తీస్తారు. చినాత్సు నోరు తెరిచి అడగలేదు. కాకపోతే దినపత్రికలో వచ్చిన ఆ ప్రకటనను ఇస్త్రీ చేసినట్టు మడత పెట్టి పుస్తకంలో దాచుకోవడం తెరుయుకి చూశాడు. మర్నాడే స్టేషన్ రోడ్డులోని దుకాణంలో పేరిచ్చి వచ్చాడు. జన్మలో అతను ఆడిన మొదటి లాటరీ అదే. పేరు వచ్చిందని ఫోన్‌లో కబురు చూసి షెడ్డులో అతను పెట్టిన కేకకు, కాలిమీద ఏదో పడిందనుకుని తోటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

మెషిన్ గురువారం విడుదల. చినాత్సు పుట్టినరోజు ఆదివారం. గురువారం సాయంత్రమే దాన్ని ఇంటికి తెచ్చాడు. బుద్ధున్న మనిషైతే దాన్ని అలాగే బీరువాలో దాచి ఆదివారం చేతికిచ్చేవాడు. మనవాడికి అంత తేలికైన పని ఎలా చేతనవుతుంది? పిల్ల ఈతకు వెళ్ళిన సమయం చూసి పెట్టె జాగ్రత్తగా విప్పాడు. "తెర, సరే! శబ్దం, సరే! బటన్లు, సరే!" అన్నాడు. ఇక ఆట కూడా నడుస్తుందో లేదో చూడాలి కదా. మొదలుపెట్టగానే అది పేరడిగింది. తన పేరు కొట్టాడు. పల్లెకు ఏం పేరు పెడతావని అడిగింది. అది చెప్పందే ముందుకు కదలనంది. తెరుయుకి తల ఎత్తి చూస్తే వంటింట్లో మిసుజు ముల్లంగి తరుగుతోంది. అదే కొట్టాడు. తెరమీద సముద్రం కనిపించింది, ఒడ్డున పడవ కనిపించింది. "ఆట, సరే!" అని తృప్తిగా ఆపేసి, ఎక్కడి కాగితాలు అక్కడ పెట్టి, విప్పిన జాడ కూడా తెలియకుండా మళ్ళీ కట్టేశాడు.

ఆదివారం స్ట్రాబెర్రీ కేకు తిన్నాక పొట్లం విప్పిన చినాత్సు ఒక్క అరుపు అరిచింది. తల్లిని వాటేసుకుంది. తెరుయుకికి కూడా వంగి దండం పెట్టబోయి, సగంలో సిగ్గుపడి నవ్వింది. ఆ నవ్వు చూసి అతనికి కడుపు నిండిపోయింది. తర్వాత ఆ పిల్ల ఆట మొదలుపెట్టింది. నవ్వు చెరిగిపోయింది.

"ముల్లంగిపల్లె ఏంటి?" అంది. "గ్రామపెద్ద తెరుయుకి అని ఉందేంటి?"

"నువ్వు పట్టుకునేలోపు ఒకసారి పరీక్షించి..."

"పరీక్షించడమేంటి? ఇదేమన్నా రైలా?"

ఆ ఆట సంగతి ఊళ్ళో మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు, తెరుయుకికి తప్ప. ఒక మెషిన్‌కి ఒకటే పల్లె. దానిలో మొదట అడుగుపెట్టినవాళ్ళే గ్రామపెద్ద. ఆ పదవి ఇంకొకరికి ఇవ్వడం కుదరదు. తర్వాత వచ్చినవాళ్ళు ఎంత ఆడినా ఊరి జనంలో ఒకరే. వంతెన కట్టాలన్నా, చెట్టు నాటాలన్నా, ఇల్లు ఇంకో చోటికి జరపాలన్నా గ్రామపెద్ద ఒప్పుకోవాలి.

"అయితే మొత్తం తీసేసి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు కదే," అంది మిసుజు.

"సముద్రం ఒడ్డున ఇచ్చిన దీపస్తంభం పోతుందమ్మా! విడుదలైన రోజే మొదలుపెట్టిన పల్లెలకే అది ఇస్తారు. ఇంకెవరికీ ఇవ్వరు." చినాత్సు పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. "ఈ ఇంట్లో ముందు నుంచీ ఉన్నది నేను. ఇందులో మాత్రం ఆయనే ముందొచ్చేశారు."

ఆ మాట అనేశాక ఆ పిల్లే బెదిరిపోయి, "క్షమించండి," అంది. మళ్ళీ అదే మర్యాద. అది వినేకంటే చెంపదెబ్బ తిన్నా నయమనిపించింది తెరుయుకికి.

దీపస్తంభం మీద ఆశకొద్దీ చినాత్సు ముల్లంగిపల్లెలోనే కాపురం పెట్టింది. కొండ అంచున నీలం కప్పు ఇల్లు కట్టుకుంది. కానీ ఏటికి అవతలకు వెళ్ళాలంటే వంతెన కావాలి. మర్నాడు తెరుయుకి పని నుంచి రాగానే, మెషిన్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"తెరుయుకి గారూ, మీరు వంతెనకు అనుమతివ్వాలి."

"ఇచ్చేశాను."

"నోటితో కాదండీ. ఆటలో ఇవ్వాలి. మీ బొమ్మను నడిపించుకుంటూ పంచాయతీ ఆఫీసుకు వెళ్ళండి. అటు కాదు, అది సముద్రం!"

గ్రామపెద్ద సముద్రంలో పడ్డాడు. లేచి మళ్ళీ పడ్డాడు. పంచాయతీ ఆఫీసు చేరేసరికి వంటంతా చల్లారిపోయింది. పైగా అలవాటు ఊరుకోనివ్వదు కదా, చివరి బటన్ నొక్కేముందు తెరకు వేలు చూపించి "వంతెన, సరే!" అన్నాడు. చినాత్సు నవ్వు ఆపుకోలేక చలికి కాళ్ళు కాచుకునే కొతాత్సు బల్లమీది దుప్పటి మొహంమీదికి లాక్కుంది.

పెద్దరికం అంటే అనుమతులతో తీరిపోయేది కాదని తర్వాత తెలిసింది. గ్రామపెద్ద రోజూ వచ్చి ఊరి గంట కొట్టాలి. లేకపోతే వీధుల్లో కలుపు మొలుస్తుంది, ఆ ఊళ్ళో కాపురముండే జంతువుల్లో కోపమొచ్చిన కుందేలో పిల్లో మూటా ముల్లె సర్దుకుని వెళ్ళిపోతుంది. తెరుయుకికి షెడ్డులో రాత్రి డ్యూటీ పడిన వారం, అతను పొద్దున్నే ఇంటికి వచ్చేసరికి చినాత్సు బడి సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోనే కాచుకుని ఉండేది.

"పెద్దగారూ, తొందరగా! నాకు బడికి టైమైపోతోంది. గంట కొట్టండి."

"బూట్లకు మంచు ఉంది, విప్పనీ."

"ఊరికంటే మీ బూట్లు ఎక్కువా? ఏం పెద్దండీ మీరు! నిన్న ఆ బాతు అలిగి ఇల్లు ఖాళీ చేస్తానంది, తెలుసా? బతిమాలి ఆపాను."

తెరుయుకి గారు పోయి పెద్దగారు వచ్చాడు. మొదట్లో అది వెటకారమే. తర్వాత అదే అలవాటైంది. పెద్దగారూ ఉప్పు ఇటివ్వండి, పెద్దగారూ నా సైకిల్ చైను ఊడింది. ఒకసారి వంతెన తప్పుచోట కట్టించినందుకు చినాత్సు అతనిమీద నిజంగానే అరిచింది. మిసుజు వంటింట్లోంచి కంగారుగా వచ్చి చూస్తే, తిట్లు తింటున్న మనిషి మొహం వెలిగిపోతోంది. ఈయనకేమైనా పిచ్చా అనుకుంటూ ఆవిడ వెనక్కి వెళ్ళింది.

మంచు కరిగే రోజుల్లో ఒక శనివారం, పొద్దున ఫలహారాల దగ్గర చినాత్సు మెషిన్ తెరవగానే ఆట తయారుచేసినవాళ్ళ నుంచి ఒక ప్రకటన వచ్చింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి ఇక నుంచి ఎప్పుడు మొదలుపెట్టిన పల్లెకైనా దీపస్తంభం ఇస్తారట. చినాత్సు దాన్ని పైకి చదివింది. ఒక్క క్షణం తెరుయుకి వైపు చూసింది. పచ్చి గుడ్డు కలిపిన అన్నం తినేసి, ఈత సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. మిసుజు బజారుకు వెళ్ళింది.

ఆ చూపును తెరుయుకి మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. పాపం, పిల్లకు అడగాలని ఉంది, మర్యాదకు అడగలేకపోయింది అనుకున్నాడు. ఇన్నాళ్ళూ దీపస్తంభం కోసం తన కింద ఉంది. ఇప్పుడా అవసరం తీరింది. వస్తువు ఆ పిల్లది, పుట్టినరోజు ఆ పిల్లది, మధ్యలో తనెవడు? అడక్కముందే తప్పుకోవడం మర్యాద అనుకున్నాడు. అనుకోవడానికి తేలిగ్గానే ఉంది కానీ మెషిన్ చేతిలోకి తీసుకుంటే మాత్రం గుండె బరువెక్కింది. సాయంత్రాలు ఆ పిల్ల పక్కన కూర్చోవడానికి ఇక తనకు ఏ వంకా ఉండదు.

తుడిచేసే చోటు వెతికి పట్టుకున్నాడు. పల్లెను తుడిచేయాలా అని మెషిన్ అడిగింది. అవునన్నాడు. ఇక్కడ ఉంటున్న వారందరి ఇళ్ళూ పోతాయి, అయినా తుడిచేయాలా అని మళ్ళీ అడిగింది. తెరుయుకి వేలు చూపించాడు.

"పల్లె తుడిచివేత..." అన్నాడు. ఆ తర్వాతి మాట నోట్లోంచి రాలేదు. గొంతు సవరించుకుని ఇంకా గట్టిగా మొదలుపెట్టాడు. "పల్లె తుడిచివేత..."

వెనక ఈత సంచీ దబ్బున నేలమీద పడింది.

"ఏం తుడుస్తున్నారు?" అంది చినాత్సు. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"నీకివ్వాల్సిన దాన్ని నేను పాడుచేశాను కదా. ఇప్పుడు దీపస్తంభం ఎలాగూ అందరికీ ఇస్తున్నారు. నువ్వే మొదట్నుంచీ మొదలుపెట్టుకో. మంచి పేరు పెట్టుకో. నువ్వే పెద్దవి."

"నేనడిగానా?"

"నువ్వు అడగవు కదా. అందుకే నేనే..."

"అడగనిది ఎందుకు చేస్తారు?"

"నీకోసమే చినాత్సూ."

ఆ పిల్ల మొహం తెల్లబోయింది.

"నాన్న కూడా అదే అన్నాడు," అంది. "బూట్లు వేసుకుంటూ అన్నాడు. నీకోసమే వెళ్తున్నానమ్మా, నేను లేకపోతే ఇంట్లో గొడవలుండవు అని. నేను వెళ్ళమన్నానా? అందరూ నాకోసమే అంటారు. నన్ను మాత్రం ఎవరూ అడగరు!"

తండ్రి మాట ఆ పిల్ల నోట రావడం తెరుయుకి ఎప్పుడూ వినలేదు. చేతిలో మెషిన్ ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.

"నేను వెళ్తున్నాననుకోలేదు," అన్నాడు చివరికి. "నీకు చోటిస్తున్నాననుకున్నాను."

"నాకు చోటుంది. మీకు లేదని ఎవరన్నారు?"

చినాత్సు ముక్కు ఎగబీలుస్తూ వచ్చి అతని పక్కన చతికిలపడింది. అతని చేతుల్లోంచి మెషిన్ తీసుకోలేదు. అలాగే వేలు చాపి, వద్దు అన్నచోట తనే నొక్కింది. తెరమీద మళ్ళీ సముద్రం వచ్చింది, నీలం కప్పు ఇల్లు వచ్చింది.

"ఇంకెప్పుడూ నన్నడక్కుండా ఇలాంటి పనులు చెయ్యకండి," అంది.

"చెయ్యను," అన్నాడు తెరుయుకి.

అప్పుడే మిసుజు రెండు చేతుల్లో సంచులతో లోపలికొచ్చింది. ఇద్దరి ఎర్రబడ్డ కళ్ళు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా. ఈయన ఊరొదిలి వెళ్ళిపోదామని చూశారు. నేను వద్దన్నాను."

"ఏ ఊరే?"

"మన ఊరే," అంది చినాత్సు.

తెరుయుకి గబగబా లేచి, సంచులు లోపల పెట్టొస్తానంటూ మిసుజు చేతుల్లోంచి లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కొళాయి ధార వినిపించింది. ఆ చప్పుడు వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించింది. కంగారుగా అటు వెళ్ళబోయిన తల్లి చెయ్యి పట్టుకుని చినాత్సు ఆపింది.

"కాసేపు వదిలెయ్యమ్మా," అంది. "వచ్చేస్తారులే."