స్నానం అయ్యాకే అమ్మ

శౌరమ్మ చేతులంటే భవానీపురంలో మంచి పేరు. ఆ పేటలో ఆడవాళ్ళకి మాత్రమే నడిచే మసాజ్ సెంటర్ ఒకటుంది. మెడ పట్టేసిన బ్యాంకు ఉద్యోగినులు, నడుం నిలవని బాలింతలు, పిల్లల పెళ్ళిళ్ళు చేసి ఒళ్ళు హూనమైన తల్లులు అక్కడికి వస్తారు. వచ్చీ రాగానే "శౌరమ్మగారు ఉన్నారా?" అని అడుగుతారు. లేదంటే రేపొస్తామని వెళ్ళిపోతారు. వీపు మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా కిందికి జరిపిందంటే చాలు, ఆ మనిషి ఏ భుజానికి సంచీ తగిలించుకుంటుందో, ఏ పక్కకి తిరిగి పడుకుంటుందో చెప్పేస్తుంది శౌరమ్మ. మొహం మరిచిపోతుందేమో గాని, ఒకసారి చెయ్యి వేసిన వీపుని మరిచిపోదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. శౌరమ్మ రచ్చ గెలిచిన మాట నిజమే. ఇంటి సంగతే చెప్పుకోవాలి.

ఇల్లు గుణదలలో, కొండకి వెళ్ళే దారి పక్క సందులో. సాయంత్రం బస్సు దిగి వచ్చిన మనిషి వీధి గుమ్మంలోంచి లోపలికి రాదు. గోడవారగా పెరట్లోకి వెళ్తుంది. అక్కడ బకెట్లో వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉంటాయి, అందులో గుప్పెడు కల్లుప్పు. పని బట్టలు విడిచి వేరే బకెట్లో పడేస్తుంది. మోచేతుల దాకా శనగపిండి పట్టించి నూనె జిడ్డు వదిలేదాకా రుద్దుకుంటుంది. స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, పెరటి మెట్టు మీద ఒక్కతే కూర్చుని టీ తాగుతుంది. ఆ టీ అయ్యేదాకా ఆమెని ఎవరూ పలకరించకూడదు, ఎవరూ ముట్టుకోకూడదు. గ్లాసు కింద పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, గడప దాటి లోపలికి వస్తే అప్పుడామె స్టీఫెన్ భార్య, వినీల తల్లి. అంతకు ముందు ఎవరికీ ఏమీ కాదు.

దానికి తోడు ఇంకో పట్టింపు. స్నానం అయ్యాక ఇంట్లో ఎవరి ఒంటి మీదా చెయ్యి వెయ్యదు. మొగుడికి కాళ్ళు లాగినా, కూతురికి తలనొప్పి వచ్చినా, "అలమారులో మందుంది, రాసుకోండి" అనేసి వంటింట్లోకి పోతుంది. ఆఖరికి వినీల చిన్నప్పుడు జడలు కూడా పక్కింటి తెరేసమ్మే వేసేది.

ఇదంతా గీర అనుకుంటే పొరపాటు. శౌరమ్మకి పని నేర్పింది చల్లపల్లి రావమ్మ. ఆ ఊళ్ళో బాలింతలకి ఒళ్ళు పట్టడం, పసిపిల్లలకి నూనె రాసి నీళ్ళు పొయ్యడం రావమ్మ పని. ఊరందరి ఒళ్ళూ పట్టి ఇంటికి వచ్చి, మళ్ళీ అత్తకీ మొగుడికీ కొడుకులకీ పట్టి పట్టి, చివరికి అన్నం ముద్ద కలుపుకోవడానికి కూడా వేళ్ళు ముడవలేని స్థితికి వచ్చింది పాపం.

"ఒసే శౌరీ, పరాయోళ్ళ నెప్పులు మన చేతులకంటుకొస్తాయే. గడప బయటే కడిగేసుకో. ఇంట్లోవాళ్ళకి చెయ్యి అలవాటు చేశావంటే ఇక నీకు చేతులుండవు," అని శిష్యురాలికి చెప్పింది. నూటికి నూరుపాళ్ళూ మంచి మాటే. కడుక్కోమన్నంత వరకు విని ఊరుకుంటే సరిపోయేది.

పైగా మసాజ్ అనే మాట వినబడితే చాలు, మనవాళ్ళలో కొందరి మూతులు వంకరపోతాయి. శౌరమ్మ ఆ వంకర మూతుల్ని చాలానే చూసింది. అందుకే బడిలో అడిగితే మా అమ్మ ఆస్పత్రిలో పనిచేస్తుందని చెప్పమని పిల్లకి నేర్పింది. సెంటర్ గడప ఏనాడూ తొక్కనివ్వలేదు. అక్కడి నూనె వాసన కూడా బిడ్డకి అంటకూడదని ఆ తల్లి తాపత్రయం.

మరి పిల్లకి ఇవన్నీ తెలుస్తాయా? నడక వచ్చిన కొత్తలో, పెరటి తలుపు చప్పుడైతే చాలు, చేతులు చాపుకుంటూ పరిగెత్తేది. "ఆగు! ముట్టుకోకు! ఇంకా స్నానం కాలేదు!" అని శౌరమ్మ అరిచే అరుపుకి గుమ్మంలోనే ఆగిపోయేది. కొన్నాళ్ళు ఏడ్చింది. ఆ తర్వాత గడప మీద కూర్చుని, "అయిపోయిందా అమ్మా?" అని అడుగుతూ ఉండేది. శౌరమ్మ టీ తాగి లోపలికి వచ్చేసరికి ఒక్కోసారి ఆ గడప మీదే నిద్రపోయేది. లేపి ఎత్తుకుందామంటే చేతులు సహకరించేవి కావు. స్టీఫెనే వచ్చి మోసుకెళ్ళేవాడు. అలా అలా ఎప్పుడు మానేసిందో తెలియదు గాని, ఆ పిల్ల గడప మీద కూర్చోవడం మానేసింది. మంచి పిల్ల, గోల చేయదు, అర్థం చేసుకుంటుంది అని శౌరమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది కూడా. పిల్ల అర్థం చేసుకున్నదేమిటో ఒక్కసారైనా అడిగిందా అంటే, లేదు.

ఇప్పుడు వినీలకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆదివారం ప్రయాణం. ఇంట్లో పెట్టెలు సర్దుతున్నారు. శౌరమ్మకి గుండెల్లో ఒకటే బెంగ. ఈ నాలుగు రోజుల్లోనైనా పిల్ల తన పక్కన చేరి మనసు విప్పి మాట్లాడితే బాగుండునని ఆమె ఆశ. గోంగూర పచ్చడి పెట్టింది, కారప్పొడి కొట్టింది. ఎన్ని చేసినా వినీల, "థాంక్స్ అమ్మా, చాలు," అని మర్యాదగా తీసుకుని పెట్టెలో పెట్టుకుంటోంది తప్ప, ఇంకో మాట కలపడం లేదు.

బుధవారం రాత్రి అన్నాలయ్యాక వినీల మెడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మా, మెడ బాగా పట్టేసిందే. కొంచెం చూస్తావా?"

శౌరమ్మ గిన్నెలు తోముతోంది. ఆలోచించకుండానే నోట్లోంచి మాట జారిపోయింది. "నా స్నానం అయిపోయిందే. ఆ మందు రాసుకుని పడుకో."

"సర్లే," అని వినీల వెళ్ళిపోయింది.

స్నానానికి ముందు ముట్టుకోకూడదు. స్నానం అయ్యాక చెయ్యి వెయ్యకూడదు. మరి ఆ పిల్లకి తల్లి చెయ్యి ఎప్పుడు దొరకాలి? ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళూ శౌరమ్మకి తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెంటర్లో పెద్దగా జనం లేరు. శౌరమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే బ్లెస్సీ వచ్చింది. కస్టమర్లని లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టడం ఆ అమ్మాయి పని. గుణదలలో వీళ్ళ గుడికే వస్తుంది.

"అక్కా, లోపలి రూములో కొత్త మేడమ్ గారు. బాగా సిగ్గు మనిషంట, మాట్లాడించొద్దన్నారు. మెడా భుజాలూ పట్టేశాయంట," అని చెప్పి ఎటో చూస్తూ వెళ్ళిపోయింది.

గదిలో చిన్న దీపం వెలుగుతోంది. బల్ల మీద అమ్మాయి బోర్లా పడుకుని ఉంది. మొహం బల్లకున్న కంతలో, జుట్టు తువ్వాల్లో, నడుం దాకా దుప్పటి. శౌరమ్మ గోరువెచ్చని నూనె చేతుల్లోకి తీసుకుని, రెండు అరచేతులూ వీపు మీద ఆనించింది. చిన్న వయసు. ఆ వయసుకి భుజాలు అలా ఉండకూడదు. బస్తాలు మోసే మనిషికి ఉన్నట్టు బిగిసి ఉన్నాయి.

"కంప్యూటర్ పనా మేడమ్?"

"ఊఁ."

"ప్రెషర్ సరిపోయిందా అండీ?"

"ఊఁ."

శౌరమ్మ ఇక మాట్లాడించలేదు. బొటనవేళ్ళతో మెడ కింద ముడుల్ని ఒక్కొక్కటే వెతికి పట్టుకుని, నొక్కి, వదిలింది. ఏ తల్లి కన్న బిడ్డో, ఇంత చిన్న వయసులో ఇన్ని ముడులేమిటి, ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు కాబోలు అని మనసులో ఆ తల్లిని నాలుగు తిట్టుకుంది కూడా. తిట్టుకుంటూనే ఇంకా మెత్తగా చేసింది. కాసేపటికి ఆ భుజాలు వేడి తగిలిన మైనంలా దిగాయి. ఊపిరి నిదానించింది. ఆ తర్వాత వీపు చిన్నగా అదరడం మొదలైంది.

బల్ల మీద ఏడ్చేవాళ్ళు శౌరమ్మకి కొత్త కాదు. ఒళ్ళు వదులైతే లోపల బిగబట్టుకున్నది కూడా బయటికి వస్తుంది. అలాంటప్పుడు ఏమీ అడగకూడదు. రెండు రెక్కల మధ్య అరచెయ్యి ఉంచి ఊరుకోవాలి. అలాగే ఉంచింది.

"పర్లేదు మేడమ్, ఏడవండి. నేనున్నా," అంది.

ఏడుపు తగ్గేదాకా ఉండి, "ఇప్పుడు నెమ్మదిగా వెల్లకిలా తిరగండి మేడమ్," అని దుప్పటి అంచు పైకెత్తి పట్టుకుంది. అమ్మాయి తిరిగింది.

వినీల.

భవానీపురంలో సగం వీపులు తెలిసిన మనిషికి కన్నకూతురి వీపు తెలియలేదు. ఎలా తెలుస్తుంది, ఎప్పుడైనా చెయ్యి వేస్తేగా!

"నువ్వా? ఇదేంటే? ఇక్కడికెందుకొచ్చావ్?" అంది శౌరమ్మ.

వినీల దుప్పటి మెడదాకా లాక్కుంది. ఏడ్చిన కళ్ళతోనే నవ్వబోయింది. "కోప్పడకమ్మా. బ్లెస్సీ అక్కని నేనే బతిమాలా. అందరూ నీ చెయ్యి గురించి చెప్తారు కదా. వెళ్ళేలోపు ఒక్కసారైనా ఎలా ఉంటుందో చూద్దామని."

"ఇంట్లో అడగొచ్చుగా!"

"అడిగానమ్మా," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ చెట్టుదే తప్పు. పెరట్లో ఉన్నన్నాళ్ళూ ఆకు తుంచనివ్వలేదు.

"సగమే అయ్యిందిగా. మిగతాది చెయ్యవా?" అంది వినీల.

శౌరమ్మ చెయ్యి ముందుకు వెళ్ళింది. వెళ్ళి గాల్లోనే ఆగిపోయింది. మేడమ్ అనుకున్నంతసేపూ వెన్నలా సాగిన చెయ్యి, కూతురని తెలిసేసరికి మొరాయించింది. సిగ్గు కమ్ముకొచ్చింది. ఎక్కడ ముట్టుకోవాలో, ఏమని మాట్లాడాలో తెలియలేదు. "బ్లెస్సీని పంపిస్తా," అనేసి గబగబా బయటికి వచ్చేసింది.

వచ్చి ఏం చేసింది? కస్టమర్ దగ్గర్నుంచి రాగానే చేసే పనే చేసింది. పంపు తిప్పి, సబ్బు పెట్టి, మోచేతుల దాకా కడిగేసుకుంది. అంతా కడిగాక, తువ్వాలు తీసుకోబోతూ, తను కడుక్కున్నది కన్నబిడ్డ స్పర్శ అని తెలిసి అక్కడే కూలబడింది.

లేచి మళ్ళీ గదిలోకి వెళ్ళేసరికి బల్ల ఖాళీగా ఉంది. బ్లెస్సీ దుప్పటి మడత పెడుతోంది.

"వెళ్ళిపోయిందక్కా. నేను చేస్తానంటే వద్దంది." బ్లెస్సీ మొహం ఎర్రగా ఉంది. "ఎంత ముచ్చటపడి వచ్చిందో తెలుసా? పొద్దున్నుంచీ ఫోన్లే. అమ్మ గుర్తుపడితే చెయ్యదేమో అక్కా, నా జుట్టు సరిగ్గా కట్టు అని."

శౌరమ్మ ఆ పూటకి మిగతా కస్టమర్లని రేపు రమ్మని చెప్పించి, ఎండ ఉండగానే ఇల్లు చేరింది. ఆవేళ పెరటి వైపు వెళ్ళలేదు. నూనె మరకల బట్టలతోనే వీధి గుమ్మంలోంచి నేరుగా లోపలికి నడిచింది. స్టీఫెన్ తెల్లబోయి చూశాడు.

"నీళ్ళు ఇంకా కాగలేదే," అన్నాడు.

"అక్కర్లేదు," అంది.

లోపలి గదిలో వినీల బట్టలు సర్దుకుంటోంది. తల్లిని చూడగానే లేచి రెండడుగులు వెనక్కి జరిగింది. కావాలని కాదు. అలవాటు. "ఇంకా స్నానం చెయ్యలేదుగా అమ్మా," అంది, తనే ఏదో తప్పు చేసినట్టు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా శౌరమ్మ పట్టుకుంది. చాప పరిచి, వంటింట్లోంచి నువ్వులనూనె తెచ్చింది. "రావే. పడుకో. మిగతాది చేస్తా."

"వద్దులేమ్మా. పొద్దున్నుంచీ చేసి చేసి వచ్చావ్."

"పడుకో తల్లీ. నీకు దణ్ణం పెడతా."

వినీల కాదనలేక పడుకుంది. శౌరమ్మ పక్కన కూర్చుని, నూనె అరచేతుల్లో రుద్ది వేడి చేసుకుని, రెండు అరచేతులూ ఆ భుజాల మీద ఆనించింది. మధ్యాహ్నం ఒళ్ళంతా అప్పగించిన భుజాలే అవి. చెయ్యి పడగానే బిగుసుకున్నాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదమ్మా. బాగుంది."

నోరు అబద్ధం చెప్పగలదు. ఒళ్ళు చెప్పలేదు. అంతమంది ఒళ్ళు పట్టిన శౌరమ్మకి ఆ సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పిల్ల ఊపిరి బిగబట్టుకుని ఉంది. తన బరువు తల్లి చేతుల మీద పడకుండా తనని తాను ఎత్తి పట్టుకుని ఉంది. తనెవరో తెలియని చేతికి అంతా ఇచ్చేసిన పిల్ల, తెలిసి వేసిన అమ్మ చెయ్యి అనేసరికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా ఒదిగి పడుకుంది. శౌరమ్మ తనకి తెలిసిన విద్యంతా వాడింది. మెడ కింద, రెక్కల పక్కన, వెన్ను వెంట, పొద్దు వాలేదాకా వెతికింది. మధ్యాహ్నం దొరికిన ముడులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు.

"వదిలెయ్యవే ఒళ్ళు. నా మీద వదిలెయ్," అని బతిమాలింది.

"వదిలేశాగా," అంది వినీల నెమ్మదిగా. నిజంగానే వదిలేశాననుకుంటోంది పాపం. కాసేపు ఓపిక పట్టి, "చాలమ్మా, నీ చేతులు నొప్పెడతాయి," అని లేచి కూర్చుంది.

శౌరమ్మ చేతులు ఇంకా ముందుకే చాచి ఉన్నాయి. వినీల జుట్టు ముడేసుకుని, భుజం మీద చున్నీ సర్దుకుని, తల్లి వైపు చూసి నవ్వింది.

"థాంక్స్ అమ్మా. చాలా రిలీఫ్ గా ఉంది," అంది.

బల్ల దిగి వెళ్ళిపోయేముందు కస్టమర్లందరూ శౌరమ్మతో అనే మాటే అది.