తెల్లకాగితం వెనక ముఖం

ఆ వీధిలో ఎవరి ముఖమైనా సరే, టచప్ మాస్టారి చేతిలో పడిందంటే బాగుపడి తీరాల్సిందే. మొటిమలు పోయేవి, పుట్టుమచ్చలు పోయేవి, కళ్ళ కింద నలుపు పోయేది, రెండు గడ్డాలున్నవాళ్ళకి ఒక్కటే మిగిలేది. ఒకసారి ఒక పెద్దమనిషి తన ఫొటో తానే చూసుకుని, "బావున్నాడు మాస్టారూ, ఎవరితను?" అని అడిగాడట. ఆ ముక్క మాస్టారు పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాడు. అది పొగడ్త కాదేమోనన్న అనుమానం ఆయనకి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

ఫొటో స్టూడియో ఆయన సొంతం. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, గాజు బల్ల. వెనక గదిలో బూడిదరంగు తెర, రెండు లైటు స్టాండ్లు, ఎత్తు స్టూలు ఒకటి. గోడల నిండా నున్నటి ముఖాలు. వాటి మధ్యలో ఒక్క మేకు మాత్రం బోసిగా ఉంది. అక్కడ మాస్టారు తన భార్య ఫొటో తగిలిస్తే, కూతురు దాన్ని తీసి బల్ల మీద బోర్లా పెట్టేసింది. భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. ఒకరోజు పొద్దున్న స్టూడియో తాళం తీస్తూ కూలబడిపోయింది, మళ్ళీ లేవలేదు.

"ఇది అమ్మ కాదు నాన్నా," అంది కూతురు.

"అమ్మ కాకపోతే మరెవరే? తీసింది నేనేగా!"

"తీసింది అమ్మనే. తర్వాత కూర్చుని ఇంకెవరినో చేశావు. అమ్మ మచ్చ ఏది?"

కూతురు రక్తపరీక్షల లాబులో పనిచేస్తుంది, ఉన్నది లేదంటే ఒప్పుకునే మనిషి కాదు. పైగా ఇప్పుడు ఏడో నెల. కడుపు మీద చెయ్యి వేసుకుని మెల్లగా అంది, "రేపు ఇది పుట్టాక, అమ్మమ్మ ఎలా ఉండేదని అడిగితే ఈ బొమ్మని చూపించమంటావా? నాకు అమ్మ కావాలి నాన్నా. ఉన్నదున్నట్టు, ఒక్కటంటే ఒక్క ఫొటో."

ఆ మచ్చ సంగతి చెప్పాలి. పెళ్ళయిన మొదటి ఏడాది, స్టూడియో పెట్టిన కొత్తలో, మాస్టారు తొందరలో లైటు స్టాండు మర బిగించడం మర్చిపోయాడు. స్టాండు స్టూలు మీద కూర్చున్న భార్య మీద పడింది. కనుబొమ చీలి మూడు కుట్లు పడ్డాయి. కుట్లు విప్పాక అక్కడ వెంట్రుకలు మొలవలేదు, సన్నటి తెల్లగీత మిగిలిపోయింది. ఆ తర్వాత ఆవిడకి తీసిన మొదటి ఫొటోలో ఆయన చేసిన మొదటి పని ఆ గీతని చెరిపెయ్యడం. చూడలేకపోయాడు పాపం. ఆవిడ నవ్వి, "దాచేస్తే లేకుండా పోతుందా ఏంటి? నా ముఖం మీద మీరు పెట్టిన సంతకం అండీ అది, ఉండనివ్వండి," అంది. ఆయన ఉండనివ్వలేదు. మొదట్లో సిగ్గుతో చెరిపాడు, తర్వాత అలవాటుగా చెరిపాడు, ఆ తర్వాత చెరుపుతున్నట్టు కూడా ఆయనకి తెలిసేది కాదు.

ఆ వారమంతా తండ్రీకూతుళ్ళు ఇల్లూ స్టూడియో గాలించారు. ఆల్బములు, హార్డ్ డిస్కులు, ఎవరెవరివో పెళ్ళి ఫొటోలు. మాస్టారు పనిలో శుభ్రం ఎక్కువ. దిద్దిన ఫొటో ఉంచుకుని దిద్దనిది తీసెయ్యడం ఆయన పద్ధతి, చెత్త పేరుకోకూడదంటాడు. చివరికి గుర్తింపు కార్డులో ఫొటో కూడా ఆయన నున్నగా తోమి పంపించిందే. పోనీ కూతురి ఫోనులో చూద్దామంటే, ఆ ఫోను కొనిచ్చిన రోజునే ముఖాలు వాటంతటవే నునుపయ్యే ఏర్పాటు నొక్కి మరీ ఇచ్చాడు మహానుభావుడు. తల్లి నవ్వుతున్న ఫొటోలు రెండొందల పైచిలుకు దొరికాయి. మచ్చ ఉన్నది ఒక్కటీ లేదు.

"పోన్లే," అన్నాడు మాస్టారు చివరికి. "లేకపోతే పెడదాం. అదెంతసేపు?"

ఆర్నెల్ల క్రితమే ఆయన కంప్యూటరులో కొత్త ఏఐ హంగులన్నీ పెట్టించాడు. మూసుకున్న కళ్ళు తెరిపించాలన్నా, వెనక నిలబడ్డ దారినపోయేవాణ్ణి మాయం చెయ్యాలన్నా ఒక వాక్యం రాస్తే చాలు. అంతకుముందు పూటంతా పట్టే పని కాఫీ చల్లారేలోపు అయిపోయేది. ఆ ధీమాతోనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భార్య ఫొటో తెరిచి, కనుబొమ చుట్టూ గీత గీసి, కింది గడిలో రాశాడు: కనుబొమ మీద సన్నటి పాత మచ్చ, మూడు కుట్లు పడినది.

మొదటిసారి ఏఐ కత్తియుద్ధంలో తగిలినంత గాయం పెట్టింది. చిన్నది చాలంటే కనుబొమని సగానికి కోసింది. ఇంకా చిన్నదంటే మచ్చతో పాటు కంటి కొస కూడా కొద్దిగా మార్చేసింది. పాతికసార్లు రాశాడు, ముప్పైసార్లు రాశాడు. ఒక్కోసారి ఒక్కో ఆడమనిషి తెర మీదికి వచ్చి ఆయన్ని చూసి నవ్వింది. అందరికీ ఆవిడ పోలికలున్నాయి. అందరూ ఆవిడ చీరే కట్టుకున్నారు. ఎవరూ ఆవిడ కారు.

కూతురు వెనక నిలబడి అప్పటిదాకా ఊరుకుంది. ఇక ఉండబట్టలేక, "అసలు నువ్వు కుడి కనుబొమ మీద పెడుతున్నావేంటి? అమ్మకి మచ్చ ఎడమవైపు," అంది.

"కుడివైపే. నాకు తెలీదా?"

"ఎడమ నాన్నా. చిన్నప్పుడు ఆ గీత మీద వేలు పెట్టుకుంటే గానీ నాకు నిద్ర పట్టేది కాదు. నా వేలికి తెలుసు."

"నువ్వు పుట్టకముందు నుంచీ చూశానే దాన్ని! ముఖాలు నా పని. నాకు పాఠాలు చెప్పకు," అని కసిరాడు మాస్టారు.

కసిరాడు గానీ ఆయనకే అనుమానమొచ్చింది. ఫొటోలు దిద్దేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఒకే ముఖాన్ని గంటల తరబడి దిద్దుతుంటే కన్ను మొద్దుబారి తప్పులు కనిపించవు. అందుకని బొమ్మని అద్దంలో లాగా కుడిఎడమలు తిప్పి చూస్తారు. కొత్త ముఖం చూసినట్టుండి, లోపాలు వాటంతటవే బయటపడతాయి. మాస్టారు ముప్పై ఏళ్ళు భార్య ముఖాన్ని అలా తిప్పుతూ, మళ్ళీ తిప్పుతూ చెరిపాడు. కాబట్టి ఆయన జ్ఞాపకంలో ఆ మచ్చ ఒకసారి కుడివైపుంటుంది, ఒకసారి ఎడమవైపుంటుంది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఎటుండేదో గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. ఆ ముప్పైమంది ఆడవాళ్ళూ వరసగా వచ్చి నిలబడ్డారు. వాళ్ళని పక్కకి నెట్టి ఆవిణ్ణి ముందుకి తీసుకురావడం ఆయన వల్ల కాలేదు.

అప్పుడు భయమేసింది ఆయనకి. భార్య పోయిన రోజున కూడా అంత భయం వెయ్యలేదు.

"అమ్మడూ," అన్నాడు, "నాకు మీ అమ్మ ముఖం గుర్తు రావట్లేదే."

కూతురు కోపమంతా నీరుగారిపోయింది. దగ్గరికొచ్చి మానిటరు స్విచ్చి ఆపేసింది. తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకి వస్తూనే అడిగింది. "నాన్నా, నీ పాత కెమెరా ఏమైంది? బటన్ విరిగిందే, అది?"

"అటక మీద ఉంది. అందులో ఏముంటుందే, బూజు తప్ప."

"మెమరీ కార్డు తీశావా?"

మాస్టారు తీయలేదు. పని మధ్యలో బటన్ విరిగితే, విసుగొచ్చి కొత్తది కొని, దాన్ని అలాగే సంచీలో పడేశాడు. నిచ్చెన ఎక్కడానికి మోకాళ్ళు మొరాయించినా ఎక్కాడు. కూతురు కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, "మెల్లగా, మెల్లగా," అంటూనే ఉంది. కార్డు తుడిచి కంప్యూటరులో పెడితే ఆరు ఫొటోలు ఉన్నాయి.

మొదటి అయిదూ చూసి మాస్టారు తల పట్టుకున్నాడు. అయిదిట్లోనూ ఉన్నది భార్యే. కానీ అవి వెలుతురు సరిచూసుకోవడానికి తీసినవి. బేరం లోపలికి రాకముందు ఆవిడ స్టూలు మీద కూర్చుని, ముఖానికి అడ్డంగా ఒక తెల్లకాగితం పట్టుకునేది. లైట్లు ముఖం మీద పడేది అక్కడే కాబట్టి, ఆ తెలుపుని బట్టి మాస్టారు రంగులు సరిచేసుకునేవాడు. పని కాగానే ఆ ఫొటోలు తీసేసేవాడు. కాగితం మీద బేరం వివరాలు ఆవిడే పెద్దక్షరాలతో రాసేది, కింద మాస్టారికి తన మాట కూడా ఒకటి చేర్చేది. "అన్నదమ్ములు, పాస్‌పోర్టు. మీ చొక్కా తిరగేసి తొడుక్కున్నారు." "ముసలి దంపతులు, యాభై ఏళ్ళ పెళ్ళిరోజు. చూసి నేర్చుకోండి."

కూతురు చదివి నవ్వబోయి ఏడ్చింది. మాస్టారు మాత్రం ఆ కాగితాలనే చూస్తూ కూర్చున్నాడు. దిద్దని భార్య అయిదుసార్లు ఎదురుగా ఉంది, అయిదుసార్లూ ముఖానికి కాగితం అడ్డం ఉంది.

ఆరోదాంట్లో కాగితం కాస్త పక్కకి జరిగింది. ఆవిడ దాని చాటు నుంచి తొంగి చూస్తోంది, ఇంకా కాలేదా అన్నట్టు. సగం ముఖం. చెంప మీద చిన్న మొటిమ, ముక్కు పక్కన చెమట, కంటి కింద అలసట. పెదవి చివర నవ్వు మొదలవుతోంది. కాగితం మీద ఇలా ఉంది: "కాలేజీ పిల్లలు, గ్రూపు. ఆకలేస్తోంది, త్వరగా కానివ్వండి."

"అమ్మ," అంది కూతురు.

మాస్టారు బొమ్మని పెద్దది చేశాడు. కనుబొమ తెర నిండా వచ్చింది. ఒత్తుగా, నల్లగా, ఎక్కడా తెగకుండా ఉంది. తిరగేసిన బొమ్మైతే తన మాటే నిజమవుతుందని ఆశగా కాగితం వైపు చూశాడు. అక్షరాలు తిన్నగానే ఉన్నాయి, చదవడానికి వస్తున్నాయి. అంటే ఆ కనిపించేది కుడి కన్ను. మచ్చ ఎడమవైపుంది, కాగితం వెనక.

"నువ్వే కరెక్టు," అన్నాడు. "ఎడమవైపే."

చేతులు ఊరుకోలేదు. చెయ్యి తిరిగిన మనిషి కదా, ఎంతసేపు ఊరుకుంటాడు? కాగితం చుట్టూ గీత గీశాడు. దీన్ని తీసేసి ముఖం పూర్తిచెయ్యమని రాశాడు. కూతురు వద్దనలేదు, తనకీ ఆశగానే ఉంది. తెర మీద చక్రం నాలుగు క్షణాలు తిరిగింది, కాగితం మాయమైంది. భార్య నిండు ముఖంతో స్టూలు మీద కూర్చుంది. ఎడమ కనుబొమ కుడిదానికి జోడుగా ఒత్తుగా, నల్లగా, ఎక్కడా తెగకుండా ఉంది. పనిలో పనిగా ఏఐ మొటిమని కూడా తుడిచేసింది.

అంత నీటైన పని మాస్టారు కూడా చేసేవాడు కాదు. కాదు, సరిగ్గా ఆయన చేసే పనే అది. ఆయన గంటల తరబడి కూర్చుని చేసింది అది నాలుగు క్షణాల్లో చేసింది, అంతే తేడా. నిన్నటినుంచీ మనసులో ఏఐని తిట్టుకున్నాడు గానీ దాని దగ్గర లేని మచ్చని అది ఎక్కణ్ణించి తెస్తుంది? ఉన్నదాన్ని ఉంచుకోనిది ఎవరు?

"నేనే చెరిపేశానే," అన్నాడు మాస్టారు. "నేనే దెబ్బ తగిలించాను, నేనే చెరిపేశాను. ఉండనివ్వండి అని ఎన్నిసార్లు అడిగిందో!" అంటూ గాజు బల్ల మీద తలపెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూతురు ఓదార్చలేదు. ఆ మాటలో అబద్ధం లేదు మరి.

ఏడుపు తగ్గాక లేచి, చేసింది రద్దు చేశాడు. కాగితం మళ్ళీ వచ్చింది. మొటిమ కూడా వచ్చింది. ఉన్నదున్నట్టు ప్రింటుకి పెట్టాడు. ప్రింటరులోంచి కాగితం వస్తుంటే మూల ఒక దుమ్ము చుక్క కనిపించింది. కెమెరా అద్దం మీదిది. తుడిచెయ్యడానికి మౌసు మీదికి వెళ్ళిన చేతిని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ప్రింటు ఆరేదాకా ఇద్దరూ ఎదురుచూశారు. కూతురు దాన్ని బల్ల మీద పరిచి, తల్లి కనిపించే కంటి నుంచి ముక్కు మీదుగా వేలు జరుపుకుంటూ వెళ్ళి, తెల్లకాగితం మీద ఒకచోట ఆపింది. చిన్నప్పుడు వెతుక్కున్నట్టే, చూడకుండా.

"ఇక్కడ," అంది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కూతురు వేలు తీసిన చోట తన వేలు పెట్టాడు. కాగితం చల్లగా, నున్నగా తగిలింది.

"ఇక్కడేనా?"

"కొంచెం పైకి నాన్నా."

వేలిని కొంచెం పైకి జరిపాడు.