ఒళ్లో పిల్లాడు

ప్యాంటు నడుము దగ్గర వేలాడుతున్న నీలిదారాన్ని దర్శన చిన్న కత్తెరతో తుంచి, కాళ్ల అంచులు తిరగేసి చూసి, కుప్పలో పడేసి ఇంకొకటి అందుకుంది. నాగ్‌పాడాలోని ఆ కార్ఖానాలో పొద్దుటి నుంచి ఆమె పని అదే. నలభై దాటిన మనిషి. సన్నటి చేతులు, నూనె పెట్టి బిగించి వేసిన జడ, ఒక కాడ విరిగితే దారం చుట్టిన కళ్లజోడు. మిషన్ల రొదలో ఆమె పెదవులు కదులుతున్న సంగతి ఎవరూ గమనించలేదు. సాయంత్రం మల్లమ్మను అడగాల్సిన మాటను లోలోపల వల్లె వేసుకుంటోంది.

అడగడం దర్శనకు చేతకాదు. నల్లా దగ్గర తన బిందెను ఎవరైనా పక్కకు జరిపితే తనే వెనక్కి వెళ్లి నిలబడే రకం. ఈ ఊరి మేడలకు రాళ్లు మోయడానికి పాలమూరు నుంచి వచ్చిన తాత కామాటిపురాలో సంపాదించిన గదిలోనే పుట్టింది, అందులోనే ఉంది. మంచాన పడ్డ తల్లి శాంతాబాయిని చివరిదాకా చూసుకుంది. పెళ్లి సంబంధాలు వచ్చినన్నాళ్లు వచ్చి మానేశాయి. అందుకు ఆమె కుమిలిపోయిందని ఆ ఇరుకు గదుల చాల్‌లో ఎవరూ చెప్పలేరు. సాయంత్రమైతే గది నిండా ట్యూషన్ పిల్లలు ఉండేవాళ్లు మరి.

ఇవాళ మాత్రం అడిగి తీరాలి. ఫోరస్ రోడ్ వెనక లేస్తున్న బిల్డింగులో కూలి చేసే మొగులయ్య, మల్లమ్మ దంపతుల పని అయిపోయింది. రేపు దూరంగా పన్వేల్ వైపు కొత్త పనికి పోతున్నారు. దర్శన దగ్గర ట్యూషన్‌కు వచ్చే వాళ్ల కూతురు సంధ్యది నాలుగో తరగతి. పరీక్షలు దగ్గరికొచ్చాయి. ఇప్పుడు కదిలితే ఆ పిల్ల ఇక బడి ముఖం చూడదని దర్శన భయం. పరీక్షలయ్యేదాకా సంధ్యను తన దగ్గర ఉంచమనాలి. అంతే.

సాయంత్రం పిల్లలు పుస్తకాలు విప్పేసరికి అడ్జెక్టివ్ ఫ్రేజ్ పాఠం వచ్చింది. పుస్తకంలోని వాక్యాలు చదివితే పిల్లలు ఆవులించారు. దర్శన పుస్తకం మూసేసింది.

"మన చాల్‌ల లచ్చమ్మలు ఎంతమంది?"

"తీన్, టీచర్."

"మరి ఏ లచ్చమ్మనో ఎట్ల చెప్తరు?"

"బక్రీవాలీ లచ్చమ్మ అంటం," అన్నాడు తుషార్.

"బస్, అదే. ది లచ్చమ్మ విత్ ఎ గోట్. విత్ ఎ గోట్ అన్నదే ఫ్రేజు. ఏ లచ్చమ్మనో అదే చెప్తది."

బయట వరండాలో బియ్యం ఏరుకుంటున్న లచ్చమ్మ తలెత్తింది. "మేక సచ్చి ఎన్నేండ్లాయె. ఇంగా నా మెడకే కడుతున్నరా?"

పిల్లలు పడీ పడీ నవ్వారు. ఇక పాఠం వాళ్ల చేతుల్లోకి పోయింది. ఎర్ర స్కూటరున్న అంకుల్ని రుతుజ ఇంగ్లీషులోకి లాక్కొచ్చింది. తుషార్ లేచి, "ది టీచర్ విత్ ఎ బ్రోకెన్ చష్మా" అన్నాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది దర్శనే.

మూల నుంచి సన్నని గొంతు వినిపించింది. "ది బాయ్ ఆన్ మై ల్యాప్..."

సంధ్య. ఇక్కడికి రావడం మొదలుపెట్టాక ఆ పిల్ల ఇంగ్లీషులో నోరు విప్పడం ఇదే మొదలు. ఒళ్లో తమ్ముడు సాయికుమార్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అందరూ తిరిగి చూశారు. సంధ్య కాసేపు ఆలోచించి వాక్యం పూర్తి చేసింది.

"ఈజ్ హెవీ."

"షాబాస్," అంది దర్శన.

మిగతా పిల్లలు వెళ్లాక మల్లమ్మ వచ్చింది. పాదాల నిండా సిమెంటు తెల్లగా ఆరిపోయి ఉంది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తెచ్చింది. దర్శన గిన్నె అందుకుని, పొద్దుటి నుంచి దాచుకున్న మాటను ఒక్క గుక్కలో అనేసింది.

"పరీక్షలు అయ్యేదాక సంధ్యను నా దగ్గర ఉంచు మల్లమ్మా. ఖానా పీనా అంత నేనే చూసుకుంట."

మల్లమ్మ నిద్రపోతున్న కొడుకు వైపు చెయ్యి చూపించింది. "నాకు ఉంచాలెననే ఉందక్కా. నేను సిమెంటు మాలు మోస్తుంటె ఈ చిన్నోన్ని ఎవలు వట్టుకుంటరు? ఆడంత సలాకలు, గుంతలు."

"వాన్ని గూడ ఉంచు."

"ఇంగా పాలు తాగుతుండు గదక్కా."

మల్లమ్మ తప్పు లేదు, తన తప్పూ లేదు. అందుకే దర్శనకు ఎక్కువ ఏడుపొచ్చింది. సంధ్య ముందు వంగి చున్నీ సర్దింది.

"ఆడ గూడ స్కూల్ ఉంటది. పేరు రాయించమని నాన్నను అడుగు. రోజూ అడుగు. భయపడొద్దు, సమ్ఝే?"

సంధ్య తలూపి తమ్ముణ్ణి చంకకు ఎత్తుకుంది. దర్శన రొట్టెలు కంచంలోకి తీయబోతే మల్లమ్మ ఆపింది.

"గిన్నె నీ కాడనే ఉండనీ అక్కా. మల్లొచ్చినప్పుడు తీస్కపోత."

మెట్ల మీద వాళ్ల అడుగుల చప్పుడు ఆగేదాకా దర్శన గుమ్మంలోనే ఉంది. తర్వాత కూర్చుని రొట్టెలు తింది. కారం ఘాటుకు కళ్లు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. గిన్నె కడిగి తుడిచింది. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఆ చాల్‌లో ఎరగరు. దాని నిండా చక్కెర పోసి, మూత బిగించి, అలమరాలో అందేంత ఎత్తులో పెట్టింది. ఎప్పుడో పెళ్లికి వచ్చిన గిన్నె కాబోలు, మూత మీద చుక్కలు చుక్కలుగా మల్లమ్మ పేరు చెక్కి ఉంది.